ఐదంగుళాల మెట్టు

ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో తడి వేలితో తాకి చూశాను. చుర్రుమంది. ఎదురుగా కిటికీ నిండా సముద్రం ఉంది, ఒడ్డు పొడుగునా తెల్లటి మేడలున్నాయి, నేను మాత్రం చొక్కా కాలర్ వైపు చూస్తున్నాను. బల్ల మీద హోటల్ వాళ్ల కార్డు ఒకటి ఉంది, మీ బట్టలు మాకివ్వండి, గంటలో ఇస్త్రీ చేసి తెస్తాం అని. అది ఆయనకు చూపిస్తే మంచం మీంచి లేవకుండానే, "వాళ్ల ఇస్త్రీకి కాలర్ నిలబడదోయ్. నీ చేతి ఇస్త్రీ వేరు" అన్నారు. ఇస్త్రీ పెట్టె తెచ్చిచ్చిన పనమ్మాయి నా వైపు ఒక చూపు చూసి, "నేను చేసిస్తానండీ" అంది. వద్దన్నాను. ఆమె చూపులో జాలి ఉందని నాకు తెలుసు. ఇరవై ఆరేళ్లుగా నాకు అందిన పొగడ్తలన్నీ ఇలా ఏదో ఒక పనికి తోకలా తగిలించి ఇచ్చినవే.

నా భర్త ఆర్కిటెక్టు. పాత భవనాలను బాగుచేయించడంలో పేరు మోసిన మనిషి. ఈ హోటల్ ఆయన కిరీటంలో పెద్ద రాయి. నూట నలభై ఏళ్ల కిందట ఎవరో ఓడల వ్యాపారి కట్టుకున్న ఇల్లు, తర్వాత ఏవేవో ఆఫీసులై, పావురాలకు నిలయమై, చివరికి ఒక పెద్దావిడ కొనుక్కుంటే హోటల్ అయింది. తెరిచి ఏడాది నిండిన సందర్భంగా ఆవిడ మమ్మల్ని మూడు రోజులు ఉండి వెళ్లమని పిలిచింది. "మూడు రోజులు రాణిలా ఉండు, గిన్నె ముట్టుకోనక్కర్లేదు" అన్నారు ఆయన కారులో. నిజమే, ఇక్కడ గిన్నెలు లేవు.

మధ్యాహ్నం మేం గదిలోకి వచ్చినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన స్నానానికని హడావిడిగా వెళ్లి ఒక తలుపు లాగారు. "అది కాదండీ, అది గోడ బీరువా. స్నానాల గది ఎడమవైపు, కిందకి రెండు మెట్లు దిగాలి, చూసుకోండి" అన్నాను సామాను విప్పుతూ. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఎడమవైపు వెళ్లి రెండు మెట్లు దిగారు. ఈ ఊళ్లో కాలు పెట్టడం నాకిదే మొదటిసారి. ఈ గదిలో ఎక్కడ ఏముందో నీకెలా తెలుసు అని ఆయన అడగలేదు. అడగాల్సిన విషయమని తోచి ఉండదు. ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలుస్తుంది కదా, ఇదీ అంతే అనుకుని ఉంటారు.

నాకెలా తెలుసంటే, ఈ ఇంటిని నేను గీశాను కనుక. ప్రతి గోడ మందం, ప్రతి కిటికీ ఎత్తు, వరండా కటకటాల్లో ఎన్ని కర్రలున్నాయో, అన్నీ. పెద్దావిడ మొదట్లోనే ఒక షరతు పెట్టింది: ఇంటికి ఇప్పుడున్న రూపాన్ని చేత్తో గీసి ఇవ్వాలి, కంప్యూటర్ బొమ్మలు నాకొద్దు అని. ఆయన ఆఫీసులో పెన్సిల్ పట్టుకోగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఒకతె ఉంది. పెళ్లికి ముందు మేమిద్దరం ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. ఆయన జూనియర్ ఆర్కిటెక్టు, నేను డ్రాయింగులు గీసేదాన్ని. మా సీనియర్ నా బొమ్మలు తీసి అందరికీ చూపించి, "గీత అంటే ఇదీ. మొదలుపెట్టిన చోట ఎంత లావుందో ఆపిన చోటా అంతే ఉంది" అనేవాడు. పెళ్లయ్యాక మా అత్తగారు ఒక్క ప్రశ్న వేశారు: "ఇద్దరూ పొద్దున్నే టింగురంగామని ఆఫీసుకు పోతే ఇల్లెవరు చూస్తారే?" దానికి జవాబు నాకు తట్టేలోపల నా రాజీనామా ఆయనే పట్టుకెళ్లి ఇచ్చేశారు.

తర్వాత సొంత ఆఫీసు పెట్టారు. "ఖాళీగానే ఉంటావుగా, ఈ ఒక్కటీ గీసిపెట్టు" అన్నారు. ఆ ఒక్కటీ ఎప్పటికీ ఒక్కటే. భోజనాల బల్ల తుడిచి, తడి ఆరాక, కాగితం పరిచి గీసేదాన్ని. మళ్లీ కంచాలు పెట్టే వేళకు తీసేసేదాన్ని. "అన్నం తినే బల్ల మీద ఈ కాగితాల కంపేమిటి" అని అత్తగారు సణిగేవారు. గీత మధ్యలో లేచి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చి, చేతులు తుడుచుకుని, అదే గీతను అదే లావుతో పూర్తి చేయడం ఎంత కష్టమో చెప్పడానికి మా ఇంట్లో ఎవరూ లేరు. ఈ ఇంటి బొమ్మలు ముప్పై ఒకటి. రెండేళ్లు పట్టింది. కొలతల పుస్తకాలూ ఫొటోలూ ఇంటికి వచ్చేవి. నేనూ ఒకసారి వచ్చి చూస్తానంటే, "అక్కడ నీకేం పని, దుమ్ము" అనేవారు. ప్రతి బొమ్మ కింద మూడు గడులుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మూడింటిలోనూ ఆయనే సంతకం పెట్టేవారు. మూడు వేర్వేరు పెన్నులతో.

ఇక మెట్టు సంగతి. ఈ ఇంటికి పేరు తెచ్చింది ఆ మెట్టే. మేడ మెట్లు ఇరవై ఏడు. కొలతల పుస్తకంలో ఇరవై ఆరు మెట్ల ఎత్తు ఆరున్నర అంగుళాలని ఉంది, అట్టడుగు మెట్టుకు మాత్రం ఐదని ఉంది. ఆయనకు చూపిస్తే, "కొలవడంలో తప్పు పడుంటుంది. అన్నీ సమానం చేసి గీసెయ్" అన్నారు. నేను చేయలేదు. సైట్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి మళ్లీ కొలవమన్నాను. "ఐదేనండీ, రెండుసార్లు చూశాను" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నమంతా నాకు ఆ అంగుళంన్నరే. ఇంత శ్రద్ధగా కట్టినవాడు చివరి మెట్టు దగ్గర ఎందుకు తప్పుతాడు? తప్పడు. తలుపుల బొమ్మలు తీసి పక్కన పెట్టుకున్నాను. కింది అంతస్తు తలుపులన్నీ పై అంతస్తు తలుపుల కంటే పొట్టి. ఎంత? అంగుళంన్నర. అడుగున కోసేశారు. అంటే మెట్టు కురచగా కట్టలేదు, నేల పైకి వచ్చింది. పైకి కనిపించే సిమెంటు కింద ఇంకో నేల ఉంది.

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. బూట్లు విప్పేదాకా కూడా ఆగలేదు, అంత సంతోషం. ఆయన బూట్లు విప్పుకుంటూ, "నీకెందుకు ఈ సొంత తెలివితేటలు? గీయమన్నది గీయి" అన్నారు. నాలుగు రోజుల తర్వాత ఇక్కడికి వచ్చి, వారం ఉండి, ఇంటికి తిరిగొచ్చి, "నాకో ఆలోచన వచ్చి తవ్వించానోయ్. కింద ఏముందో తెలుసా?" అన్నారు. నలుపూ తెలుపూ రాళ్లతో, చెక్కుచెదరని పాత నేల. అప్పటినుంచి ఏ సభలో మాట్లాడినా అదే కథ: "ఆ మెట్టు దిగుతుంటే నా పాదం తడబడింది. నా పాదానికి తెలిసింది, కింద ఇంకో నేల ఉందని!" చప్పట్లు. ఆ పాదానికి సాక్సులు ఎక్కడున్నాయో ఏనాడూ తెలియలేదు, నూట నలభై ఏళ్ల నేల మాత్రం తెలిసిపోయింది.

చొక్కా ఇస్త్రీ అయ్యాక ఆయన తొడుక్కున్నారు. పెద్దావిడతో టీకి కిందకి బయలుదేరాం. వసారా పొడుగునా గోడకి నా బొమ్మలు. అద్దాల చట్రాల్లో, దీపాలు పెట్టి మరీ. ఒక్కసారిగా అన్నీ అలా కనిపించేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఒక్కొక్కటి గీసిన రోజు ఇంట్లో ఏం జరిగిందో కూడా నాకు గుర్తుంది. పదిహేడో బొమ్మ మూల గోధుమరంగు మరక ఒకటి ఉంది. పొయ్యి మీద నూనె చిట్లితే అదే చేత్తో వచ్చి పట్టుకున్నాను. దాని కింద ఇత్తడి రేకు మీద "కాలం మిగిల్చిన మరకతో" అని చెక్కించారు. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. "ఏమిటలా నిలబడ్డావ్, రా" అని ఆయన ముందు నడిచారు.

సముద్రం వైపు వరండాలో పెద్దావిడ మా కోసం కూర్చుని ఉంది. డెబ్బై దాటినా కళ్లు చురుకు. కత్తిరించుకున్న తెల్ల జుట్టు, చేతికి మగవాళ్ల గడియారం. మర్యాదలయ్యాక నా వైపు తిరిగి, "మీరు కూడా ఈ రంగమేనా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోగా ఆయన గట్టిగా నవ్వారు. "మా ఆవిడకా! గోడకీ తలుపుకీ తేడా తెలీదండీ. ఇల్లు సర్దడంలో మాత్రం దిట్ట." పెద్దావిడ నవ్వలేదు. నేను నవ్వాను. అలవాటు అంత చెడ్డది.

ఆవిడ ఆయనతో అంది, "రేవు దగ్గర పాత గిడ్డంగి కొన్నానని రాశాను కదా, ఆర్కిటెక్ట్‌గారూ. దానికీ ఇలాంటి బొమ్మలే కావాలి. ఆ గీసినతనే కావాలని ప్రత్యేకంగా అడిగాను. మీరేమో అతను పని మానేసి విదేశాలకు వెళ్లిపోయాడని జవాబు రాశారు. నాకు చాలా నిరాశగా ఉందండీ."

"ఏం చేస్తామండీ, ఈ కాలంలో డ్రాఫ్ట్స్‌మన్‌లు నిలబడరు" అన్నారు ఆయన, బిస్కెట్ టీలో ముంచుతూ. "కానీ మీరేం బెంగపెట్టుకోకండి. వాడికి నేర్పింది నేనే కదా. ఇంకొకణ్ణి తయారుచేస్తాను. అదే గీత, అదే చెయ్యి వస్తుంది చూడండి."

"అదే గీత వస్తేనే ఇస్తాను. లేదంటే లేదు. రేపు మధ్యాహ్నం కాగితాలు చూద్దాం" అందావిడ.

నా చేతిలో కప్పు ఉంది. దాన్ని సాసర్‌లో చప్పుడు కాకుండా పెట్టడం మీదే నా మనసంతా పెట్టాను. పేరు వేయకపోవడం వేరు. దానికి నేను అలవాటుపడ్డాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కానీ నన్ను మగాణ్ణి చేసి, ఉద్యోగం మాన్పించి, విమానం ఎక్కించి దేశం దాటించేశారే! ఎవరో నన్ను వెతుక్కుంటూ ఉత్తరం రాస్తే, అలాంటి మనిషి లేదు అని జవాబు రాశారే! అదే చేత్తో రేపు గిడ్డంగి కొలతలు తెచ్చి నా భోజనాల బల్ల మీద పడేసి, ఈ ఒక్కటీ గీసిపెట్టు అంటారు. ఇంకో రెండేళ్లు. యాభై రెండేళ్లు వచ్చాయి నాకు. కళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో, చెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుందో. ఈ గిడ్డంగి పోతే ఇక నాకంటూ ఇంకోటి రాదు.

గదికి తిరిగొచ్చాక ఆయనకు ఒక అవకాశం ఇచ్చాను. ఇచ్చానని ఈరోజుకీ నాకు తృప్తిగా ఉంది.

"ఆ గీసింది నేనని ఆవిడకు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావ్? మా ఆవిడ వంట చేసుకుంటూ డైనింగ్ టేబుల్ మీద గీసిందనా? ఆఫీసు పరువేం కావాలి?"

"నిజం అదే కదండీ."

"నిజమేమిటి నీ మొహం! కొలతలు నావాళ్లవి, భవనం పని నాది. నువ్వు గీతలు గీశావు. ఇప్పుడు పేరెందుకు నీకు, ఈ వయసులో ఏం చేసుకుంటావ్?" చొక్కా విప్పి నా చేతికిచ్చి నవ్వారు. చెడ్డగా కూడా కాదు. చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వినట్టు నవ్వారు. "అన్నట్టు, రేపు పదకొండింటికి అతిథులందరి ముందూ ఆ నేల కథ చెప్పాలి. చీటీలు రాసేశావా?"

"పొద్దున్నే రాస్తాను" అన్నాను.

చీటీల గురించి చెప్పాలి. ఆయన గొప్ప వక్త అని ప్రతీతి. ఆ మాటలన్నీ నేను రాసేవే. పోస్టుకార్డు అంత అట్ట ముక్కలు, ఒక్కో దాని మీద ఎనిమిది లైన్లు, బొద్దుగా, నల్ల ఇంకుతో. నలుగురిలో కళ్లజోడు పెట్టుకోరు కాబట్టి అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఆ చీటీలు ఆయన ముందుగా చదవరు. ఒక్కసారి కూడా చదవలేదు. "ముందే చదివేస్తే మాటలో తాజాదనం చచ్చిపోతుందోయ్" అంటారు. దాని కోసం ఒక విద్య సాధించారు కూడా. కళ్లు దించి వాక్యాన్ని అందుకుంటారు, తలెత్తి జనాన్ని చూస్తూ గంభీరంగా అనేస్తారు. అప్పటికప్పుడు గుండెలోంచి వచ్చిందని అందరూ అనుకుంటారు. ఆ వాక్యం ఏమిటో ఆయనకూ జనానికీ ఒకేసారి తెలుస్తుంది. ఇరవై మూడేళ్లుగా ఇదే పద్ధతి. అంత నమ్మకం నా మీద. మనిషిగా లెక్కలేనివాళ్ల మీద ఉండే నమ్మకం అది. కుళాయి తిప్పితే నీళ్లే వస్తాయని ఉండే నమ్మకం.

పొద్దున్న ఆయన వరండాలో పేపర్ చదువుకుంటుంటే కూర్చుని రాశాను. నాలుగు చీటీలు. ఒక్క అక్షరం వణకలేదు. నాకు భయమేసిందా అంటే, లేదు. పగ అనేది చాలా చెడ్డదని చిన్నప్పటినుంచీ నూరిపోశారు. ఆ పూట నాకది ఆకలేసినప్పుడు అన్నం తిన్నంత మామూలుగా అనిపించింది. ఇంతకాలం ఎందుకు పస్తులున్నానో అర్థం కాలేదు. రాసి, వరసగా పేర్చి, క్లిప్పు పెట్టి ఆయన జేబులో పెట్టాను. "ఈసారి బాగా వచ్చింది. మూడో చీటీ దగ్గర కాస్త ఆగి, గొంతు తగ్గించి చెప్పండి" అన్నాను.

"సరే సరే" అన్నారు పేపర్ మీంచి చూపు తిప్పకుండా.

పదకొండింటికి కింది హాల్లో నలభై మంది దాకా చేరారు. ఆ నలుపూ తెలుపూ రాళ్ల మీదే కుర్చీలు వేశారు. పెద్దావిడ ముందు వరసలో, నేను మూడో వరసలో. ఆయన మెట్ల దగ్గర నిలబడ్డారు, నేను ఇస్త్రీ చేసిన ఇంకో చొక్కాలో, కాలర్ చక్కగా నిలబడి.

మొదటి చీటీలో సముద్రం, గాలి, పెద్దావిడ పట్టుదల. చప్పట్లు. రెండో చీటీలో ఓడల వ్యాపారి, ఇరవై ఏడు మెట్లు, అట్టడుగున ఐదంగుళాల మెట్టు. అందరూ మెడలు సాచి ఆ మెట్టును చూశారు. ఆయన గొంతు విచ్చుకుంది. మూడో చీటీ తీశారు. నేను చెప్పినట్టే ఆగారు. గొంతు తగ్గించారు.

"ఇన్నాళ్లూ ఈ మెట్టు కథ నేనొకలా చెబుతూ వచ్చాను. ఇవాళ, ఈ నేల మీద నిలబడి, నిజం చెప్పాలనిపిస్తోంది."

హాలంతా నిశ్శబ్దమైంది. అది ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. నిశ్శబ్దాన్ని ఒక్క క్షణం రుచి చూసి, కళ్లు దించి, తలెత్తారు.

"ఆ మెట్టు మీద నా పాదం ఎప్పుడూ తడబడలేదు. కొలతల్లో తేడా ఉందంటే, తప్పు పడింది, అన్నీ సమానం చేసి గీసెయ్యమన్నాను."

జనం నవ్వారు. మెచ్చుకోలు నవ్వు. ఎంత పెద్దమనిషి, తన మీద తనే జోకు వేసుకుంటున్నాడు అని. ఆయన కళ్లలో ఒక చిన్న గందరగోళం తొంగిచూసింది, కానీ ఆ నవ్వు ఆయన్ను ముందుకు తోసింది. నవ్వే జనం ముందు ఆగడం ఆయన ఎరగరు. నాలుగో చీటీ పైకి వచ్చింది.

"అలా చెయ్యనన్న మనిషి, కింద ఇంకో నేల ఉందని కనిపెట్టిన మనిషి, ఈ హాల్లోనే ఉంది. గోడల మీదున్న ముప్పై ఒక్క బొమ్మల్లో ప్రతి గీతా ఆమెదే. విదేశాలకు వెళ్లిపోయాడని నేను రాసిన డ్రాఫ్ట్స్‌మన్ ఎవడూ లేడు. ఆమె నా..."

అక్కడ ఆగిపోయారు. చీటీ మీద ఇంకొక్క మాటే ఉంది. నోరు ఆ మాట కోసం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర నుంచి ఎరుపు పైకి పాకడం మూడో వరస నుంచి కూడా కనిపించింది. నాకు జాలి వేస్తుందేమోనని లోపల వెతికి చూసుకున్నాను. వేయలేదు.

పెద్దావిడ అంది, "ఆమె మీకేమవుతుంది ఆర్కిటెక్ట్‌గారూ?"

ఆయన చీటీని చూస్తున్నారు. తిరగేసి చూశారు. వెనక ఏమీ లేదు.

"నేనేనండీ" అని లేచి నిలబడ్డాను.

నలభై తలలు నా వైపు తిరిగాయి. పెద్దావిడ కూడా కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగింది. "మీరా? గోడకీ తలుపుకీ తేడా తెలీదన్నారే నిన్న?"

"తలుపుల వల్లే తెలిసిందండీ" అన్నాను. మెట్టు దగ్గరికి నడిచాను. ఆయన పక్కకు తప్పుకున్నారు, ఎవరో దారి అడిగితే తప్పుకున్నట్టు. నాకు ఉపన్యాసం రాదు. ఇంట్లో చెప్పినట్టే చెప్పాను, ఆ రోజు వినని ఇంట్లో చెప్పినట్టు. ఈ తలుపు అడుగుభాగం చూడండి, కింద పట్టీ సన్నగా ఉంది. పైఅంతస్తు తలుపులకు వెడల్పుగా ఉంటుంది. కోసేసిన భాగం అంగుళంన్నర. అప్పట్లో పాత మెట్టుకు తగ్గింది కూడా అంతే. సిమెంటు తీశాక మెట్టు ఆరున్నరకు రావాలి కదా, ఇప్పటికీ ఐదే ఉందేమిటని మీరు అడగొచ్చు. గుర్తుగా ఉండాలని ఈ ఒక్క మెట్టు ముందు మాత్రం సిమెంటు పట్టీ వదిలేయమని బొమ్మలో రాసింది నేనే. పద్దెనిమిదో బొమ్మ, కుడివైపు మూల. ఇద్దరు ముగ్గురు లేచి వసారాలోకి వెళ్లి చూసి వచ్చారు. "ఉందండీ, రాసుంది" అన్నాడు ఒకాయన, అదేదో ఆయనే కనిపెట్టినంత సంబరంగా. తర్వాత ప్రశ్నల మీద ప్రశ్నలు. అరగంట పైన మాట్లాడాను. ఆ అరగంటలో నన్నెవరూ మధ్యలో ఆపలేదు. అదెలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

గదిలోకి అడుగుపెట్టగానే ఆయన తలుపు వేశారు.

"నలభై మంది ముందు నా పరువు తీశావు."

"నేను ఒక్క మాటా అనలేదు. చెప్పింది మీరే."

"ఇంట్లో అడిగితే పోయేది కదా! భార్యాభర్తల మధ్య సంగతి ఊరికెక్కించాలా?"

"నిన్న సాయంత్రం అడిగాను. నవ్వారు."

కాసేపు అటూ ఇటూ నడిచారు. తర్వాత గొంతు మార్చారు, సైట్‌లో పనివాళ్లు ఎదురు తిరిగినప్పుడు వాడే మెత్తటి గొంతు అది. "చూడు, కోపం వచ్చింది, తీర్చుకున్నావు. సరే. ఇప్పుడు కిందకి వెళ్లి, అదంతా మేమిద్దరం కలిసి సరదాకి రాసుకున్నాం అని చెప్పు. గిడ్డంగి పని పోతుంది, తెలుస్తోందా? ఇన్నేళ్లూ నీకేం తక్కువ చేశాను?"

ఆ ప్రశ్నకు నేను నిజంగానే ఆలోచించాను. ఇల్లుంది. కొట్టలేదు, తిట్టలేదు. పుట్టినరోజు ఎప్పుడూ మరిచిపోలేదు. పదిమందిలో నన్ను పొగుడుతూనే ఉంటారు, నా ఇస్త్రీ, నా సర్దుడు, నా ఓపిక. నాకు తక్కువ చేసినదాన్ని పేరు పెట్టి చెప్పడానికి నాకిన్నేళ్లు పట్టింది, ఆయనకు ఒక్క నిమిషంలో ఎలా అర్థమవుతుంది?

"నన్ను లేదన్నారు" అన్నాను. "ఉన్నదాన్ని లేదని కాగితం మీద రాసి పంపారు. అది మాత్రం నేను క్షమించను. ఈ జన్మలో క్షమించను, మీరు ఎదురుచూడకండి."

ఆయన మంచం అంచున కూర్చుండిపోయారు. నేను మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పెద్దావిడ గదికి ఒక్కదాన్నే వెళ్లాను. కొంతసేపటికి ఆయనా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఒప్పందం తన ఆఫీసుతోనే కదా అన్న ధీమా ఇంకా కాస్త మిగిలి ఉంది. పెద్దావిడ కూర్చోమని కుర్చీ చూపించింది. కాగితాలు ముందు పెట్టుకుని, ఆయన ఆఫీసు పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టి, పెన్ను నా వైపు తిప్పింది.

"మీ షరతులేమిటో చెప్పండి అమ్మా."

షరతులు అనే మాట నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. అయినా నోటికి టకటకా వచ్చేశాయి. గీసినవారు అన్న గడిలో నా పేరుండాలి, నేను తప్ప ఇంకెవరూ అందులో సంతకం పెట్టకూడదు. నా కంటితో చూసి నేనే కొలుచుకుంటాను, పుస్తకాలు ఇంటికి పంపితే కుదరదు. గిడ్డంగిలోనే కిటికీ దగ్గర ఒక పెద్ద బల్ల వేయించాలి. ఆ బల్ల మీద ఎవరూ ఏమీ తినకూడదు. పని అయ్యేవరకూ నాకు ఇక్కడే ఒక గది కావాలి, సముద్రం కనిపించకపోయినా ఫరవాలేదు, నేను ఒక్కదాన్నే ఉండేలా.

పెద్దావిడ అన్నీ తన చేత్తోనే రాసుకుంది. "ఎప్పటినుంచి?"

"ఇవాళ్టి నుంచే."

ఆయన గొంతు సవరించుకున్నారు. "అంటే... ఇంటికి?"

నేను అటు తిరగలేదు. పెద్దావిడ కళ్లజోడు తీసి ఆయన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆవిడ పెదవి చివర చిన్న వంకర కనిపించింది, ఇలాంటి పూట కోసం తనూ ఎప్పుడో ఎదురుచూసిన మనిషిలా.

"మరి మీ వారి సంగతేమిటమ్మా? ఈ పనిలో ఆయనకు చోటేమైనా ఉందా, లేక లేదని నేనే చెప్పేయనా?"

ఆయన నా వైపు చూశారు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, నేను ఏమంటానో తెలియక చూశారు.

"ఉందండీ" అన్నాను. "నేను కొలుస్తుంటే టేపు అవతలి కొస పట్టుకుని, చెప్పినచోట కదలకుండా నిలబడటానికి ఒక మనిషి కావాలి. ఆ పనికైతే రమ్మనండి. మాట్లాడాల్సిన అవసరం ఉండదు."